భయం ఎవరికి?

"నాకు భయమేసింది" అంటాం. "నాకు దారుణమేసింది" అనం, "నాకు ఘోరమేసింది" అనం. నిఘంటువులో ఈ మూడు మాటలూ ఇరుగుపొరుగులే. వాక్యంలోకి వచ్చేసరికి మాత్రం ఒకటి మనిషి పక్కన వాలుతుంది, తక్కిన రెండూ మనిషికి దూరంగా, జరిగిన సంగతి మీద వాలతాయి. పర్యాయపదాలంటూ బళ్ళో వల్లె వేయించిన మాటల మధ్య ఎక్కువ తక్కువల తేడాయే ఉంటుందని మనకొక నమ్మకం. భయం ఒక మెట్టు, భీతి దాని మీద మెట్టు, భయంకరం ఇంకో మెట్టు, ఘోరం అన్నిటికన్నా పైమెట్టు అన్నట్టు వాటిని పేర్చుకుంటాం. నేను చెప్పదలచుకున్నది వేరు. వీటి మధ్య అసలు తేడా మోతాదులో లేదు, భయపడిన మనిషి ఆ మాటలో ఉన్నాడా లేడా అన్నదానిలో ఉంది. కొన్ని మాటలు భయపడినవాణ్ణి చూపిస్తాయి. కొన్ని మాటలు భయపెట్టినదాన్ని చూపిస్తాయి. మన వార్తల భాష, ప్రకటనల భాష మొదటి జట్టును దాదాపు వదిలేసి రెండో జట్టు మీదే బతుకుతోంది. అందువల్ల పోయింది మాటల సొగసు ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. పోయింది మనిషి.

మొదట వ్యాకరణాన్నే సాక్ష్యానికి పిలుద్దాం. ఆకలేస్తోంది, దాహమేస్తోంది, చలేస్తోంది, భయమేస్తోంది. తెలుగువాడు భయాన్ని ఆకలి, దాహం, చలి కూర్చునే బల్ల మీదే కూర్చోబెట్టాడు. ఇవి మనం చేసే పనులు కావు, మనకు పట్టేవి. అందుకే ఈ వాక్యాల్లో మనిషి కర్తగా రాడు, "నాకు" అంటూ వస్తాడు. ఆ "నాకు" పైకి కనబడకపోయినా అక్కడే ఉంటుంది. "భయమేస్తోంది" అని ఎవరైనా అంటే ఎవరికి అని మనం అడగం. దారుణానికి, ఘోరానికి ఆ చోటు లేదు. "నాకు దారుణంగా అనిపించింది" అనవచ్చు గదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. అనవచ్చు. కానీ అక్కడ నడిపిస్తున్నది "అనిపించింది" అన్న క్రియ. అది అభిప్రాయం చెప్పే క్రియ. సంగతి చూసి, తూచి, తీర్పు చెప్పిన మనిషి అందులో ఉన్నాడు. వణికిన మనిషి లేడు. భయపడడానికీ, భయంకరమని తేల్చడానికీ మధ్య కొంత దూరం ఉంది. వణుకు తగ్గాక గానీ రెండోది సాధ్యం కాదు.

మనిషిని చూపించే మాటలు తెలుగులో ఎన్ని ఉన్నాయో, ఒకదాని చోట ఒకటి ఎలా ఇమడదో చూడండి. జంకు అనేది పనికి ముందు వచ్చేది. అప్పు అడగడానికి జంకుతాం, పెద్దల ముందు నోరు విప్పడానికి జంకుతాం, పామును చూసి జంకం. బెదురు పశువుల దగ్గర నేర్చుకున్న మాట. ఎద్దు బెదురుతుంది, గుర్రం బెదురుతుంది. మనిషి బెదిరినప్పుడు కూడా ఆ చూపులో, పక్కకు లాగే ఆ మెడలో పశువే కనిపిస్తుంది. ఉలుకు క్షణకాలం. ఉలిక్కిపడ్డవాడు మరు నిమిషానికి తేరుకుంటాడు. హడలుకు ఎదురుగా ఒక అధికారం ఉండాలి, కర్ర పుచ్చుకున్న మాస్టారో, పైవాడో. జడుపు చీకట్లోంచి వస్తుంది, ఎక్కువగా పిల్లలకు వస్తుంది, వచ్చినదాని కన్నా వదలకపోవడమే దాని లక్షణం. జడుపు జ్వరం అని వేరే జ్వరమే ఉంది మన ఇళ్ళలో, దానికి విభూతీ తాయెత్తూ ఉన్నాయి. గుబులుకు కారణం తెలియదు, సాయంత్రాలు ఎక్కువవుతుంది. బెంగ ఎదురుగా ఉన్నదాన్ని చూసి పుట్టేది కానే కాదు, లేనిదాని వల్ల పుట్టేది. తల్లి ఊరికెళితే బిడ్డ బెంగపెట్టుకుంటుంది, పులి ఎదురైతే ఎవరూ బెంగపెట్టుకోరు. దిగులులో సగం భయం, సగం దుఃఖం. తెలంగాణలో బుగులు ఉంది, కోస్తాలో అదే చోట గుబులుంటుంది. తెలంగాణవాళ్ళు గాబరా పడతారు, కోస్తావాళ్ళు కంగారు పడతారు. "అదురూ బెదురూ లేకుండా", "జంకూ గొంకూ లేకుండా" అని ధైర్యాన్ని చెప్పేటప్పుడు కూడా మనవాళ్ళు ఒక భయంతో సరిపెట్టలేదు, రెండేసి భయాల పేర్లు పెట్టి లేవన్నారు. అదురు ఒంటిది, బెదురు మనసుది. రెండూ లేనివాడే ధైర్యవంతుడు.

ఇక జాతీయాలు. భయాన్ని చెప్పే తెలుగు జాతీయాల్లో భయం అన్న మాట దాదాపు కనపడదు, ఒళ్ళు కనపడుతుంది. ముచ్చెమటలు పోస్తాయి. ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కాళ్ళూ చేతులూ ఆడవు. గుండె ఝల్లుమంటుంది, గుభేలుమంటుంది, జారుతుంది, అవిసిపోతుంది. నవనాడులూ కుంగిపోతాయి. నోట మాట పడిపోతుంది. కత్తివేటుకు నెత్తురుచుక్క ఉండదు. మనిషి నిలువునా నీరైపోతాడు, పైప్రాణాలు పైనే పోతాయి. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. నటుడు ఏ రసంలోనైనా ఒంటి మీద చూపించాల్సిన గుర్తులవి. అవి భయానకానికే కేటాయించినవి కావు. అయినా మన జాతీయాలను వాటి పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొయ్యబారిపోవడం స్తంభం, ముచ్చెమటలు స్వేదం, గగుర్పాటు రోమాంచం, మాట పెగలకపోవడం స్వరభేదం, గజగజ వణకడం వేపథువు, ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేకపోవడం వైవర్ణ్యం, సొమ్మసిల్లడం ప్రళయం. శాస్త్రం చదివి పల్లెటూరివాళ్ళు ఈ జాతీయాలు తయారు చేశారని నేననను. భయాన్ని శ్రద్ధగా గమనించినవాళ్ళెవరైనా చివరికి ఒంటి దగ్గరికే చేరతారు, అంతే. ఈ గమనింపు పాతకాలంతో ఆగిపోలేదు కూడా. గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయంటాం. మద్రాసు రాజధానిలో మొదటి ప్రయాణికుల రైలు రాయపురం నుంచి కదిలింది 1856లో. ఆ ఇనుప చప్పుడు విన్నాకే ఎవరో తన గుండె చప్పుడును దానితో పోల్చుకుని ఉండాలి. అంతకుముందు అది దడదడలాడి ఊరుకుంది. మాట కొత్తది, చూసిన చోటు మాత్రం పాత గుండే.

ఇప్పుడు రెండో జట్టు వైపు చూద్దాం. అమరసింహుడు అమరకోశంగా మనకు తెలిసిన నామలింగానుశాసనంలో, నాట్యవర్గంలో, భయం గొలిపేదానికి పేర్లు వరసగా చెప్పాడు. మనకు బాగా తెలిసిన ఘోరం, భయంకరం, భయానకం, భీషణం, దారుణం అక్కడివే. భైరవం, భీమం, భీష్మం కూడా అక్కడే ఉన్నాయి. ఆ వరసలో ఆయన ఒక సూచన చేర్చాడు, ఇవి మూడు లింగాల్లోనూ నడిచే మాటలని. పిల్లలు శ్లోకం వల్లె వేసేటప్పుడు దాటిపోయే సూచన అది. దాని అర్థం, ఇవి విశేషణాలు, ఏ వస్తువుకు తగిలిస్తే ఆ వస్తువు లింగం పట్టుకుంటాయి అని. అంటే పుట్టుకలోనే వీటి నడక వస్తువు వెంట. అడవి ఘోరం, రూపం భీషణం, శాపం దారుణం. చూసినవాడికి ఏమైందన్నది ఆ మాటల పని కాదు. కావ్యంలో అది లోపం కాలేదు, ఎందుకంటే చూసినవాణ్ణి చెప్పడానికి కవికి వేరే పద్యం ఉంది. ఇల్లాలి చేతిలో గరిటె ఉంది, అట్లకాడా ఉంది, దేని పని దానిది. గరిటె ఒక్కటే మిగిలిన వంటింటి సంగతి వేరు.

దారుణం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. దాని పాత అర్థాల్లో కాఠిన్యం ఉంది, మృదువు కానిది దారుణం. చీల్చడం అన్న ధాతువు నుంచి పుట్టిందని కొందరు, దారువు నుంచి, అంటే కొయ్య నుంచి వచ్చిందని కొందరు వ్యుత్పత్తి చెబుతారు. రెండోదాన్నే తీసుకుంటే మన తెలుగు మాటలతో ఒక వింత ముఖాముఖి ఏర్పడుతుంది. భయంతో, విస్మయంతో చేష్టలుడిగిన మనిషిని మనం కొయ్యబారాడంటాం. మ్రాన్పడ్డాడంటాం, మ్రాను అంటే చెట్టే. సంస్కృతం వైపు కొయ్యలా కరకుగా ఉన్నది భయపెట్టినది, తెలుగు వైపు కొయ్యగా మారినవాడు భయపడ్డవాడు. కొయ్య ఒకటే, నిలబడ్డ చోటు వేరు. నివ్వెరపోవడం, బిత్తరపోవడం, విస్తుపోవడం కూడా ఇటువైపువే. నివ్వెరలో వెరపు చెవికి వినబడుతూనే ఉంది. ఈ మాటల్లో ఏదైనా పలకగానే ఒక మనిషి నిలువెత్తున కనిపిస్తాడు, నోరు తెరుచుకుని, చేతిలోది కింద పడేసుకుని.

బీభత్సం కథ ఇంకా విచారించదగ్గది. ఇది అసలు భయం మాటే కాదు. బీభత్స రసానికి స్థాయీభావం జుగుప్స, అంటే రోత, ఏవగింపు. భయం స్థాయిగా ఉన్నది భయానక రసానికి. రంగస్థలం మీద ఈ రెండూ వేరు వేరు ముఖాలు: భయపడ్డవాడు కళ్ళు విప్పార్చి చూస్తాడు, రోసినవాడు ముక్కు చిట్లించి ముఖం తిప్పుకుంటాడు. అర్జునుడికి బీభత్సుడని ఒక పేరుంది. యుద్ధంలో తాను రోత పుట్టించే పని చేయనివాణ్ణని, అందుకే ఆ పేరని విరాటపర్వంలో ఉత్తరుడికి తానే చెప్పుకున్నాడు. ఉరుములు ఉరిమేటప్పుడు పిల్లల చేత అర్జునుడి పేర్లు చెప్పించడం తెలుగిళ్ళలో పాత అలవాటు. జడుపు పోగొట్టడానికి చెప్పే ఆ పేర్లలో ఇదీ ఒకటి. ఇవాళ బీభత్సం అన్న మాటను ఎక్కువమంది "భీభత్సం" అని రాస్తున్నారు, అలాగే పలుకుతున్నారు. దీన్ని అక్షరదోషమని కొట్టేసి ఊరుకోవడం నాకు సరిగా తోచదు. భీతి, భీకరం, భీషణం పక్కన నిలబెట్టి నిలబెట్టి దీన్ని కూడా ఆ ఇంటి పిల్లే అనుకున్నారు జనం. ఒత్తు వచ్చి చేరింది, రోత జారిపోయింది. గాలివాన బీభత్సం, రోడ్డు ప్రమాదం బీభత్సం, అల్లరిమూక బీభత్సం. శవాల గుట్ట ముందు మనిషికి కలిగేది భయమేనా? కడుపులో తిప్పడం, ముఖం తిప్పుకోవడం, తిప్పుకున్నందుకు సిగ్గుపడడం కూడా ఉంటాయి. వాటికి మన దగ్గర ఒక పేరుండేది. దాన్ని భయంలో కలిపేశాక రోతకు బహిరంగంగా పేరు లేకుండా పోయింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. మాటలు అరగడం సహజం, అరిగిన మాట చోట కొత్త మాట పుడుతుంది, దానికి శోకమెందుకు అంటారు. నిజమే. భీముడంటే భయం గొలిపేవాడని అర్థం, ఇవాళ ఆ పేరు వింటే బలమూ తిండీ గుర్తొస్తాయి. భీమవరం పేరు పలికేవాడెవడూ వణకడు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి దండం పెట్టేవాళ్ళకు ఆ పేరులో భయం కన్నా భరోసాయే ఎక్కువ వినిపిస్తుంది. దేవవ్రతుడు చేసిన ప్రతిజ్ఞ భయంకరమైనది కనుక భీష్ముడయ్యాడు. ఆ పేరు మీదే తెలుగువాళ్ళు భీష్మించుకు కూర్చోవడం అన్న మాట చేసుకున్నారు, అందులో భయం లేశం లేదు, మొండితనం ఉంది. నేటి కుర్రకారు పాట అదిరిందంటే, సినిమా కేక అంటే, వంట ఘోరంగా నచ్చిందంటే, తెలివి భయంకరమంటే వాళ్ళు చేస్తున్నది కొత్త పాపమేమీ కాదు. అదుర్స్ అన్న మాటే 2010లో ఒక సినిమాకు పేరైంది. టెర్రిఫిక్ అనే ఇంగ్లీషు మాట కూడా భయంలోంచి పుట్టి మెచ్చుకోలులో స్థిరపడ్డదే. ఈ వాడుకలో మోసం లేదు. పాట విని అదిరిందన్నవాడు ఎవరినీ తప్పుదోవ పట్టించడం లేదు, విన్నవాడు భూకంపమనుకోడు. పైగా ఒక మాట అరిగినప్పుడు జనం ఊరుకోరు, గుండెల్లోకి రైళ్ళు తెచ్చుకున్నట్టు ఇంకేదో తెచ్చుకుంటారు. నోటి భాష తన మరమ్మతు తాను చేసుకోగలదు. నా బెంగ ఆ భాష గురించి కాదు.

వార్త వేరు. "ఫలానా జిల్లాలో దారుణం", "నగరంలో ఘోరం", "దారుణం చోటుచేసుకుంది". ఈ వాక్యాలు తెలియని తెలుగు పాఠకుడు లేడు. దారుణం తనంత తాను వచ్చి చోటు చేసుకుని కూర్చుంది. చేసినవాడు లేడు, అనుభవించినవాడు లేడు. అమరసింహుడి కాలంలో విశేషణంగా ఉన్నది ఇప్పుడు నామవాచకమైపోయి, సంగతి మొత్తాన్ని తానే కప్పేస్తోంది. విశేషణంగా ఉన్నప్పుడు కనీసం దేనికి తగిలించారో తెలిసేది. భార్యను భర్త చంపినా దారుణమే, బస్సు లోయలో పడినా దారుణమే, కుక్కలు పసివాణ్ణి కరిచినా దారుణమే. నేరం, ప్రమాదం, నిర్లక్ష్యం అన్నవి వేరు వేరు సంగతులు. మొదటిదానికి నిందితుడుంటాడు, రెండోదానికి కారణముంటుంది, మూడోదానికి బాధ్యుడుంటాడు. ఒకే మాట మూడింటినీ ఒకే రంగులో ముంచితే పాఠకుడికి మిగిలేది నిట్టూర్పు. ఇంక దిగ్భ్రాంతి. దిక్కులు తోచకపోవడం దాని అర్థం, తూర్పేదో పడమరేదో తెలియని స్థితి. పోయినవాళ్ళ పేర్లు వినబోతూ ఆసుపత్రి గేటు పట్టుకు నిలబడ్డ తల్లికి పట్టేది అది. ఆ మాట ఇప్పుడు సంతాప ప్రకటనల్లో పెద్దల పేర్ల పక్కన స్థిరపడింది, "తీవ్ర" అన్న మాటను ముందు పెట్టుకుని. ప్రకటన ఇచ్చినవారి సానుభూతి నిజం కాదని నేననడం లేదు, ఇవ్వవలసిందే. సంతాపానికి సంతాపం అన్న మాట చక్కగా ఉంది. దిగ్భ్రాంతిని మాత్రం ఆ తల్లికి తిరిగి ఇచ్చేయాలి.

తెలుగులో "జరిగింది" ఒక క్రియ, "చేశారు" ఇంకో క్రియ. "చనిపోయారు" ఒకటి, "చంపారు" ఇంకొకటి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకుల భూస్వాముల మూక మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఘోరం, దారుణం అన్న మాటలు వీటికి తగవని ఎవరూ అనరు. కానీ వాటితో ఆగిపోతే ఏం మిగులుతుంది? ఘోరం అన్నది పిడుగుకూ సరిపోతుంది, వరదకూ సరిపోతుంది. పిడుగుకు కులం లేదు. కారంచేడు తరవాత దళిత మహాసభ పుట్టింది, ఆ ఉద్యమం మాటల విషయంలోనూ ఒక పని చేసింది. విశేషణాలను నమ్ముకోకుండా ఊరి పేరునే మాటగా నిలబెట్టింది. కారంచేడు అంటే చాలు, చుండూరు అంటే చాలు. ఆ పేరు వినగానే ఎవరు, ఎవరిని, ఎందుకు అన్న మూడు ప్రశ్నలూ వాటి జవాబులతో సహా లేచి నిలబడతాయి. ఏ భీకరమూ, ఏ బీభత్సమూ చేయలేని పని అది. భయపెట్టినదాన్ని ఎంత పెద్ద మాటతో వర్ణించినా, భయపడినవాళ్ళ ఊరి పేరు పలికినంత బరువు రాదని నాకు అనిపిస్తుంది.

అయితే పెద్ద మాటలు వద్దు, చిన్న మాటలే ముద్దు అన్నది కూడా నా వాదం కాదు. భయం గొలిపేదాన్ని కచ్చితంగా కొలిచి చెప్పాల్సిన చోట్లున్నాయి, అక్కడ మెట్లు ఉండాల్సిందే. బంగాళాఖాతం ఒడ్డున బతికేవాళ్ళకు ఆ మెట్లు కంఠస్థం: అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను, అతి తీవ్ర తుపాను. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను, 118కి చేరితే అతి తీవ్ర తుపాను. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలకు నంబర్లున్నాయి. మూడో నంబరు ఎగరేశారంటే ఒక అర్థం, పదో నంబరంటే ఇంకో అర్థం, వేటకు వెళ్ళే మత్స్యకారుడికి ఆ తేడా ప్రాణమంత తేడా. ఇక్కడ "తీవ్ర" అన్నది అలంకారం కాదు, అంకె. అదే మాటను దిగ్భ్రాంతికీ, సంచలనానికీ, ఉత్కంఠకూ రోజూ తగిలిస్తూ పోతే హెచ్చరికలో వినబడినప్పుడు చెవి నిక్కుతుందా? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. దాదాపు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క, ఇంకా ఎక్కువేనన్న అంచనాలూ ఉన్నాయి. ఆ ఉప్పెన గురించి ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే మాట తాటిచెట్టంత అల. భీకరమైన అల అని కాదు, తాటిచెట్టంత అల. అందులో కొలత ఉంది, ఆ కొలత తీసిన కళ్ళున్నాయి, తాటిచెట్టు కింద నిలబడి పైకి చూసిన మనిషున్నాడు. నిఘంటువులో ఎంత వెతికినా దానికి సాటివచ్చే విశేషణం దొరకదు.

ఇదంతా సంస్కృతపు మాటల మీద అచ్చతెలుగు కోపమేమో అనుకునేవారుంటారు. కాదు. భయం కూడా సంస్కృతపు మాటే, అయినా తెలుగు దాన్ని "వేసింది" అన్న క్రియతో కలిపి ఒంటికి అద్దుకుంది. భీతికి "ఇల్లు" చేర్చి భీతిల్లడం చేసుకుంది. గాబరా ఉర్దూ హిందీల దారిన వచ్చింది, తెలంగాణ నోట్లో దానికన్నా సొంత మాట లేదు. మాట ఏ ఇంట పుట్టిందన్నది కాదు, మన వాక్యంలో మనిషికి చోటిచ్చిందా అన్నదే ప్రశ్న. ఆ లెక్కన ఇంగ్లీషు టెన్షన్‌ను కూడా నేను పరాయిదనను, "నాకు టెన్షన్‌గా ఉంది" అంటున్నాం గనుక దానికి మన "నాకు" అబ్బింది. దాని మీద నా ఫిర్యాదు వేరు: గుబులు, దిగులు, బెంగ, కంగారు, ఆదుర్దా, జంకు అన్నిటినీ అది ఒక్కటే మింగి కూర్చుంది. టెన్షన్ అన్న మనిషికి పరీక్ష భయమో, ఊరికెళ్ళిన బిడ్డ మీది బెంగో, కారణం లేని గుబులో విన్నవాడికి తెలియదు, ఒక్కోసారి అన్నవాడికీ తెలియదు. అమెరికాలో, ఇటు హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పెరిగే తెలుగు పిల్లలు "స్కేరీగా ఉంది" అంటున్నారు. అది టెన్షన్ లాగా కూడా కాదు, అచ్చం ఘోరం లాంటిది. బొమ్మ స్కేరీ, చీకటి స్కేరీ. భయమేస్తోందని బిడ్డ అంటే తల్లి చేయి బిడ్డ మీదికి వెళుతుంది, స్కేరీగా ఉందంటే చూపు బొమ్మ మీదికి వెళుతుంది.

ఇంకో అభ్యంతరం ఉంది, అది అన్నిటికన్నా గౌరవించదగ్గది. దెబ్బతిన్న మనిషి భయాన్ని వార్తలో విప్పి చెప్పడం అతని ఏకాంతంలోకి చొరబడడం కాదా, దారుణం అన్న దూరపు మాటే మర్యాద కాదా అని. టీవీలో ఏడ్చేవాళ్ళ ముందు మైకు పెట్టి ఎలా ఉందని అడిగే తీరు చూస్తే ఈ ప్రశ్న న్యాయమే. కానీ మనిషిని వాక్యంలో ఉంచడమంటే అతని గుండె చప్పుడును అమ్ముకోవడం కాదు. ఎవరు చేశారు, ఎవరికి జరిగింది, ఎన్ని గంటలకు, నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయి, అంబులెన్సు ఎప్పటికి వచ్చింది, ఊళ్ళో ఇప్పుడు ఎవరు తలుపు తీయడానికి జంకుతున్నారు, ఏ బడికి పిల్లలు రావడం మానేశారు. ఇవి చొరబాటు కావు, వార్త. పైగా దూరపు మాట మర్యాద కోసమే అయితే దాని పక్కన ఎర్రరంగూ, ఆశ్చర్యార్థకాలూ, దడపుట్టించే సంగీతమూ అక్కర్లేదు. అవి ఉన్నాయంటే మర్యాద వంకతో మనిషిని తీసేసి, అతని భయం స్థానంలో చూసేవాళ్ళ భయాన్ని పెట్టారని అర్థం.

అందుకని వార్తలు రాసేవాళ్ళకు, ముఖ్యంగా రాత్రిపూట బల్ల దగ్గర కూర్చుని శీర్షికలు పెట్టే ఉపసంపాదకులకు ఒక మనవి. దారుణం అని రాసేముందు ఆ వార్తలో "నాకు భయమేసింది" అనగలిగిన మనిషి ఎవరో ఒకసారి వెతకండి. చనిపోయినవాళ్ళ వార్తయితే, ఆ మాట అనే అవకాశం లేకుండా చేసింది ఎవరో వెతకండి. దొరికిన మనిషితో వాక్యం మొదలుపెట్టండి.